రాళ్ళ చెలకకు ఏ బండి

మా అమ్మాయి డర్ట్ బైక్ కొంటానన్న నాటి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆ మాట కూడా నాకు నేరుగా చెప్పలేదు. ముందు వాళ్ళమ్మకు చెప్పింది, తర్వాత నా బామ్మర్దికి చెప్పింది, అందరికీ తెలిసిపోయాక నాకు చెప్పింది. ఇంట్లో పెద్ద విషయాలన్నీ నా దాకా వచ్చేసరికి చల్లారిపోయి ఉంటాయి. ఇదీ అట్లాగే వచ్చింది, అయితే చల్లారలేదు.

అమ్మాయి విమానాశ్రయంలో, సరుకులు ఎక్కించి దించే విభాగంలో పనిచేస్తుంది. సెలవు దొరికితే ఇంట్లో పడుకోదు. తోటి పనివాళ్ళతో కలిసి మామిడిపల్లి దాటాక గుట్టల నడుమ ఉన్న మైదానానికి పోతుంది. అక్కడ మట్టి దిబ్బలు పోసి, గుంతలు తవ్వి, వాటిలో నడిపే బండ్లు కిరాయికి ఇస్తారు. ఉన్న రోడ్ల మీద గుంతలు చాలవన్నట్టు మనుషులు డబ్బులిచ్చి మరీ గుంతల్లో తిరుగుతారు. ఆమె అక్కడ నేర్చుకుంటున్నదని కూడా నాకు బట్టలు ఉతికేటప్పుడు ఎర్రమట్టి చూసి తెలిసింది, ఎవరూ చెప్పలేదు.

బండి ఆమె జీతంతో కొంటానంది. ఆ మాటకు నేను ఏం అనగలను? కానీ నడపడానికి చోటు కావాలి. చోటు నా దగ్గర ఉంది. మంఖాల్ దగ్గర మాకు రెండెకరాల రాళ్ళ చెలక మిగిలింది. నడుమ పెద్ద పెద్ద రాతి గుండ్లు, ఒక పక్క వానకు కోసుకుపోయిన ఒర్రె, ఎటు చూసినా సీతాఫలం పొదలు. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయిపోయాయి. మా చెలకను మాత్రం కొంటామని ఒక్కడూ రాలేదు. వచ్చిన దళారులు కారు దిగకుండానే అద్దంలోంచి చూసి వెనక్కి తిప్పుకున్నారు. అమ్మే ఉద్దేశం నాకు లేదు. అయినా అడగకపోవడం నాకు అవమానమే. ఇప్పటికీ ఆ కార్ల రంగులు గుర్తున్నాయి.

"చెలకల నడుపుకుంట బాపూ. రోడ్డు మీదికి తెయ్యను," అంది.

"రోడ్డు మీద పడితే నలుగురు చూస్తరు. చెలకల గుండ్ల నడుమ పడితే ఎవరు చూడాలె?"

"నువ్వున్నవ్ గద."

"నేనున్ననని ఇప్పుడు యాదికొచ్చిందా?"

వాళ్ళమ్మ వంటింట్లోంచే, "ఇగ మొదలువెట్టిండు," అంది. ఎవరు మొదలుపెట్టారో నేను వివరించబోయాను. అప్పటికే కుక్కర్ కూత వేసింది.

నా భయం ఊరికే వచ్చింది కాదు. సాతంరాయిలో మా ఇల్లు బెంగళూరు రోడ్డుకు దగ్గర. రెండు చక్రాల మీద పోయినవాళ్ళను ఆటోల్లో దవాఖానకు తీసుకుపోవడం చూస్తూ పెరిగాను. నా మోకాలు కూడా ఆ రోడ్డు మీదే చెడింది. ఇసుక లారీ పోయిన వెనకాల స్కూటర్ జారింది. ఆ నొప్పికంటే తర్వాత జరిగింది నాకు ఎక్కువ గుర్తుంది. కాలు బాగుపడ్డాక ఒక పెళ్ళికి వెళ్ళి, ఫంక్షన్ హాల్ ముందు బండి ఆపుతుండగా మోకాలు పట్టుతప్పి బండితో సహా పక్కకు ఒరిగాను. నా బామ్మర్ది పరుగెత్తుకొచ్చి లేపాడు. లేపి ఊరుకుంటే అయిపోయేది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళందరికీ వినపడేటట్టు, "మా బావ నిలవడ్డ బండి మీదికెల్లి పడ్డడు!" అన్నాడు. ఆ పెళ్ళికొడుక్కు ఇప్పుడు పిల్లలు బడికి పోతున్నారు. ఆ మాట మాత్రం మా చుట్టాల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

కాబట్టి ఆలోచించి, నాలుగు చక్రాల బండి అయితే ఒప్పుకుంటానన్నాను. క్వాడ్ అంటారు దాన్ని. లావు చక్రాలు, కింద పడని నడక, మనిషి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. నేను వయసులో ట్రాక్టర్ నడిపినవాణ్ణి. నాలుగు చక్రాలు భూమిని పట్టుకుని ఉంటే మనిషికి ఎంత ధైర్యంగా ఉంటుందో నాకు తెలుసు. రెండు చక్రాల బండి నిలబడాలంటే మనిషి ఆసరా కావాలి. నాలుగు చక్రాలది తనంతట తాను నిలబడుతుంది. ఇందులో వాదించడానికి ఏముంది?

అమ్మాయి వాదించింది. గుండ్ల నడుమ క్వాడ్ పట్టదంది, బైక్ తేలిక, సందులోంచి తీసుకుపోవచ్చంది, క్వాడ్ బోల్తా పడితే మనిషి మీదనే పడుతుందంది. నేను వినలేదు. చివరకు ఆమె ఒక మాట అంది.

"సరే బాపూ. నువ్వేది చెప్తే అదే కొంట. కానీ రెండూ నడిపి చెప్పు. చూసి చెప్పుడు నడవది."

పక్కనే ఉన్న బామ్మర్ది నవ్వాడు. "అయ్యేదా పోయేదా, అక్కా, నీ పసుపు కుంకుమ జర భద్రం," అన్నాడు వాళ్ళక్కతో. ఆ నవ్వు చూశాక నేను ఒప్పుకోకుండా ఎట్లా ఉంటాను?

ఒప్పుకున్నాక భయం ఎక్కువైంది. భయం నా గురించి కాదు. నా మోకాలు ఎట్లాగూ చెడినదే. ఇరవై దాటిన పిల్ల, నిటారుగా నడిచే కాళ్ళు, పొద్దున లేచి విమానాశ్రయం బస్సు అందుకోవడానికి పరుగెత్తే కాళ్ళు. నేను తప్పు బండి చెప్తే ఆ కాళ్ళకు ఏమైనా అయితే ఆ తప్పు నాది. ఎవరూ ఇంకొకరి పేరు చెప్పరు. మా ఇంట్లో తప్పులకు మాత్రం నా వంతు ముందే వస్తుంది.

ఆమెకు స్కూటీ నేర్పింది నేనే. మా గల్లీలో, సాయంత్రాలు, వెనక పట్టుకుని పరుగెత్తుతూ. బ్రేకు, హారను అన్నీ తర్వాత. మొదట చెప్పింది ఒకటే: "ఏమన్న గానీ, ముందుగాల కాలు కింద పెట్టు." కుక్క అడ్డం వచ్చినా, పక్కవాడు గుద్దినా, బండి ఒరిగినా, కాలు కిందికి రావాలి. ఆలోచించి కాదు, దానంతట అదే రావాలి. నాకు మా అన్న సైకిల్ మీద అట్లాగే నేర్పాడు. ఇక్కడ ఎవరైనా అట్లాగే నేర్పుతారు. ఆమె చాలాసార్లు ఆ కాలితోనే బతికి బయటపడింది. ఆ సంగతి ఎవరూ చెప్పుకోరు.

ఆదివారం పొద్దున మైదానానికి పోయాం. నేను, అమ్మాయి, పిలవకుండానే వచ్చిన బామ్మర్ది. జేబులో నాలుగు నిమ్మకాయలు పెట్టుకున్నాను. కొత్త బండి చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించనిదే మా ఇంట్లో ఏ బండీ కదలలేదు. ఇది కొత్తది కాదు, మనది కాదు, నాకు తెలుసు. అయినా ఎక్కేది నేను.

అక్కడ నేర్పించే అతను జుట్టు వెనక్కి ముడి వేసుకున్న మనిషి, కోస్తా వైపు మాట. అమ్మాయిని చూడగానే నవ్వి పేరుతో పిలిచాడు. నన్ను చూసి, "అంకుల్, మీరు అలా నీడలో కూర్చోండి. ఎండ ఎక్కువగా ఉంది," అన్నాడు.

"నడిపేది నేను," అన్నాను.

"ఓ, మీరా అండి? మంచిదండి." ఒక హెల్మెట్ తెచ్చిచ్చాడు. దాని మీద కుక్కపిల్ల బొమ్మ ఉంది. పెద్ద తలకు సరిపోయేవి అవతలి గుంపు వాళ్ళు తీసుకున్నారట. పొద్దున నుంచి వాళ్ళ కోసం ఉంచినవి నాకెందుకు ఉంచలేదో నేను అడిగాను.

తర్వాత అతను అక్కడున్న అందరినీ ఒక చెట్టు కింద నిలబెట్టి, చేతులు ఊపుతూ ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. నన్ను పిలవలేదు. నీడలో కూర్చోమన్నవాడు నీడకు పిలవకపోవడం ఏంది? నేను పోలేదు. పోయి క్వాడ్ నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టాను. ఒకటి వాలుకు దొర్లిపోతుంటే మళ్ళీ తెచ్చి, కింద చిన్న రాయి ఆనించి పెట్టాను. బామ్మర్ది ఫోన్‌లో తీస్తున్నాడు.

"బావా, డర్ట్ బైక్‌కు రెండు, దీనికి నాలుగు. నిమ్మకాయల ఖర్చు చూసుకుంటే బైకే నయం."

ముందు డర్ట్ బైక్ ఎక్కాను. ఎక్కాను అంటే, ఎక్కించారు. సీటు నా నడుము ఎత్తున ఉంది. కూర్చుంటే కాలి వేళ్ళు మాత్రమే నేలకు తగులుతున్నాయి. అమ్మాయి పక్కన నడుస్తూ, "మెల్లగ, మెల్లగ, గుంజకు," అంటోంది. కొంత దూరం పోయాను. బండి బక్కచిక్కిన మేకలాగ ఎగురుతుంది, కానీ ఎగిరిన ప్రతిసారీ కిందికి మెత్తగా దిగుతుంది. మలుపు దగ్గర భయపడ్డాను. ఎడమ కాలు దానంతట అదే కిందికి పోయింది. బండి అటు ఒరిగింది, నేను ఇటు అడుగేశాను. బండి మట్టిలో పడుకుంది. నేను దాని పక్కన నిలబడి ఉన్నాను, ఏమీ కాలేదు.

"సూపర్ అంకుల్! అలాగే దిగాలండి," అని అరిచాడు అతను. మెచ్చుకోవడం కూడా అంకుల్ అంటూనే.

"సూస్తివా? రెండు చక్రాలు, పడ్డది," అన్నాను అమ్మాయితో.

"పడ్డది బండి. నువ్వు పడలే."

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు.

తర్వాత క్వాడ్. నిమ్మకాయలు పచక్‌మని చితికాయి. ఒక్కటి మాత్రం చక్రం పక్కకు జారి చితకలేదు. దిగి సరిచేద్దామనుకున్నాను, వెనక మనుషులు ఎదురుచూస్తున్నారని బామ్మర్ది తొందరపెట్టాడు. ఆ నిమ్మకాయ విషయంలో అతణ్ణి నేను ఇంకా క్షమించలేదు.

కూర్చోగానే ప్రాణం కుదుటపడింది. ట్రాక్టర్ మీద కూర్చున్నట్టే ఉంది. బొటనవేలితో మీట నొక్కితే ముందుకు పోతుంది, వదిలితే ఆగుతుంది. రెండు చక్కర్లు కొట్టాను. ఇదీ బండి అంటే అనుకున్నాను. అమ్మాయి వైపు చెయ్యి ఊపాను కూడా. మూడో చక్కర్‌లో దిబ్బ పక్క వాలు మీదికి తీసుకున్నాను. బండి ఒక పక్కకు ఒరిగింది. పెద్దగా ఏమీ కాదు. కానీ ఒరిగింది.

కాలు కిందికి పోయింది.

నేను దించలేదు. అదే పోయింది. నేలకు ఆనిందో లేదో, వెనక చక్రం దాని మడమను పట్టుకుంది. ఎవరో వెనక నుంచి కాలు పట్టి లాగినట్టు లాగింది. మోకాలు మెలితిరిగింది. బొటనవేలు మీట మీది నుంచి జారింది కాబట్టి బండి ఆగింది. లేకుంటే ఏమయ్యేదో అనుకోవడం నాకు ఇష్టం లేదు. చక్రం నా చెప్పు మీద, నా కాలి మీద ఎక్కి ఆగి ఉంది. నాలుగు చక్రాలూ భూమిని పట్టుకునే ఉన్నాయి. వాటిలో ఒకదాని కింద నేనున్నాను.

నేర్పించే అతను పరుగెత్తుకొచ్చి బండిని వెనక్కి తోశాడు. "కాలు ఎందుకు దించారు అంకుల్? క్వాడ్ మీద కాళ్ళు పైనే ఉంచాలని ముందే చెప్పాను కదండీ!"

"నాకు చెప్పలే."

"అందరికీ చెప్పానండి, చెట్టు కింద."

"నన్ను పిలిచినవా? నన్ను నీడల కూసోమన్నవ్. కూసున్నోనికి ఏం చెప్తవ్?"

అతను ఏదో అనబోయి, అమ్మాయి ముఖం చూసి బండిని పక్కకు తీసుకుపోయాడు. ఆమె నా కాలు ఒడిలో పెట్టుకుని పాలిపోయిన ముఖంతో కూర్చుంది. చెప్పు ఊడదీస్తుంటే నేను కేక పెట్టాను. కేక మధ్యలోనే నాకు ఒక సంగతి తట్టింది. నొప్పి ఆగిపోయినట్టయింది.

"ఇదే వాలు మీద నువ్వుంటే ఏం చేస్తుంటివి?" అని అడిగాను.

"ఇప్పుడు గదెందుకు బాపూ?"

"చెప్పు. బండి ఒరిగింది. ఏం చేస్తుంటివి?"

అబద్ధం చెప్పడం ఆమెకు రాదు.

"కాలు పెడుతుంటి."

"ఇందాక ఆయన చెప్పిండు గద, పెట్టొద్దని. విన్నవ్ గద?"

"విన్న. అయినా పెడుతుంటి. నువ్వే నేర్పిస్తివి గద."

శంషాబాద్‌లో దవాఖానకు తీసుకుపోయారు. మడమ దగ్గర ఎముక కొంచెం చిట్లిందన్నారు, కట్టు కట్టారు. డాక్టర్, "ఈ వయసులో ఇదేం సరదా?" అన్నాడు. సరదా కాదని, బండి ఎంచుకోవడానికి వెళ్ళానని చెప్పబోతే తర్వాతి రోగిని పిలిచాడు. బామ్మర్ది నన్ను ఆటోలోకి ఎత్తి కూర్చోబెడుతూ, "నిలవడ్డ బండి మీదికెల్లి పడ్డవ్. నడిచే బండి కిందికి పోయినవ్. ఇగ ఏం మిగిలింది బావా, విమానమా?" అన్నాడు. ఆటోవాడు కూడా నవ్వాడు.

ఇంట్లో మంచం మీద పడుకుని పైన పోయే విమానాలను వింటూ ఉండేవాణ్ణి. కాలు సలుపుతుండేది, బుర్ర అంతకంటే ఎక్కువ సలుపుతుండేది. డర్ట్ బైక్ మాటిమాటికీ పడుతుంది, అది నిజం. క్వాడ్ పడదు, కానీ పడితే లేవనివ్వదు. ఏది తక్కువ చెడ్డది? కళ్ళు మూసుకుంటే ఆ వాలు కనపడేది. వాలు మీద నేను కాదు, ఆమె. లావు చక్రం తిరుగుతూ వస్తుంటే ఆమె కాలు కిందికి దిగేది. దిగొద్దని నేను అరిచేవాణ్ణి. ఆ గొంతుతోనే గల్లీలో దించమని అరిచింది గుర్తొచ్చేది.

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి ఆమె మంచం దగ్గర కూర్చుంది.

"క్వాడే కొంట బాపూ. నీకు మాటిచ్చిన. కాలు దించకుండ నేర్చుకుంట. పది రోజులల్ల అలవాటు పోతది."

"నెమ్మదిగ ఉన్నప్పుడు పోతది. భయమైనప్పుడు మళ్ళ వస్తది."

"అయితే?"

"బైకే కొను."

ఆమె నమ్మలేదు. "నిజంగనా? కోపంతోని అంటున్నవా?"

"దాని మీద కాలు దించితే మెచ్చుకున్నరు. క్వాడ్ మీద కాలు దించితే కాలే పోయింది. నీ కాలు ఎట్లయినా దిగుతది. దిగినా ఏం కాని బండి కొను."

వాళ్ళమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "గంత సేపు కొట్లాడి మళ్ళ పిల్ల చెప్పిందే ఒప్పుకుంటివి," అంది. అది అట్లా కాదని, పిల్ల చెప్పిన కారణాలు వేరని, గుండ్ల సందు గురించి నేను ఒప్పుకోలేదని చెప్పాను. విన్నట్టు కనపడలేదు.

షరతులు పెట్టాను. మోకాళ్ళకు, మోచేతులకు, ఛాతీకి రక్షణ తొడుగులు కట్టుకోవాలి. మడమ పైదాకా బూట్లు వేసుకోవాలి. నేను లేకుండా చెలకలోకి బండి దిగకూడదు. అన్నిటికీ తల ఊపింది. ఆఖరుది విని, "నువ్వొచ్చి ఏం చేస్తవ్?" అంది. ఏం చేస్తానో నాకూ తెలియదు. వస్తానన్నాను.

కట్టు ఇంకా విప్పలేదు. బామ్మర్ది తన ట్రాలీ ఆటోలో బండిని మంఖాల్ దాకా తెచ్చాడు. చెలక గట్టు మీద నాకు కుర్చీ వేశారు. ఈసారి నిమ్మకాయలు నేనే దగ్గరుండి పెట్టించాను. చక్రం రెండింటినీ సరిగ్గా తొక్కిందా లేదా అని కర్రతో పొడిచి చూశాను. తొక్కింది.

"ఇగ పోనా?" అంది అమ్మాయి హెల్మెట్ లోంచి.

"జర నెమ్మదిగ పో. ఒర్రె దిక్కు పోకు. గుండ్ల ఎనుక..."

పోయింది. సీతాఫలం పొదల పక్క నుంచి ఎర్ర దుమ్ము లేచింది. పెద్ద గుండుకు ఈవల ఆమె కనపడింది, నిలబడి నడుపుతోంది, మోకాళ్ళు వంచి. తర్వాత ఆమె గుండు వెనక్కి తిరిగింది. కనపడలేదు. ఇంజన్ చప్పుడు వినపడుతోంది కాబట్టి ఊపిరి పీల్చుకుంటున్నాను. చప్పుడు ఉన్నంతసేపు మనిషి ఉన్నట్టే కదా.

సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. దిగే విమానాలు మా చెలక మీది నుంచే పోతాయి, కడుపు కనపడేంత కిందికి. ఆ విమానాశ్రయం వచ్చినప్పటి నుంచి మా మాటలు సగం సగమే అవుతున్నాయి. ఎవరితో చెప్పుకోను? ఆ మోత కమ్ముకుని గుండు వెనక చప్పుడు మాయమైంది. అది బండి చప్పుడు ఆగిందా, విమానం మింగిందా? లేవబోయాను. కట్టు కాలు నేలకు తాకి కళ్ళు తిరిగాయి. బామ్మర్ది భుజం పట్టుకున్నాను. అతను కూడా నవ్వడం లేదు. అతనూ గుండు వైపే చూస్తున్నాడు.

"వినొస్తుందారా?" అన్నాను.

"విమానం పోనీ బావా. పోనీ."

విమానం పోయింది. మోత మెల్లగా విమానాశ్రయం ప్రహరీ అవతలికి దిగిపోయింది. చెలక నిశ్శబ్దంగా ఉంది. తర్వాత సన్నగా ఇంజన్ వినపడింది. గుండు పక్క సందులోంచి బండి బయటికి వచ్చింది. మలుపు గట్టిగా ఉంది, మట్టి జారుతోంది. బండి లోపలికి ఒరిగింది. ఆమె ఎడమ కాలు ముందుకు చాచి కిందికి దించింది. బూటు మడమ ఎర్రమట్టి మీద గీత గీసుకుంటూ వచ్చి మళ్ళీ పైకి లేచింది. బండి నిలబడింది.

ఆ మలుపులో నా కాలు కూడా కదిలింది. కట్టులో ఉన్న కాలు, కుర్చీ ముందు నేలను గట్టిగా నొక్కింది. నొప్పికి పళ్ళు బిగించాను.

ఆమె నా ముందు నుంచే పోయింది. చెయ్యి ఊపలేదు, ఇటు చూడలేదు కూడా. అది నేను గుర్తుపెట్టుకుంటాను. ఆమె మళ్ళీ గుండు వెనక్కి తిరిగింది. ఆకాశంలో ఇంకో విమానం దీపాలు కనపడుతున్నాయి. నేను కుర్చీ అంచుకు జరిగి, అది వచ్చేలోపు ఇంజన్ చప్పుడును చెవుల్లో పెట్టుకోవాలని చూస్తున్నాను.